మెదడు కణితి చికిత్స అనంతర సంజ్ఞానక్షీణత: గుర్తింపు, నిర్వహణల చరిత్ర (1928-2020)

వ్యాససంగ్రహం:
మెదడు కణితికి శస్త్రచికిత్స, రేడియేషన్, మందులు తీసుకుని కోలుకున్న వయోజనులలో చాలామందికి జ్ఞాపకం, అవధానం, పనులను క్రమంలో పెట్టుకొనే నేర్పు తగ్గుతాయి. ఈ క్షీణతను వైద్యశాస్త్రం గుర్తించడానికి, కారణాలను విడదీసి చూడడానికి, నిర్వహణ మార్గాలను వెదకడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది. 1928లో మాంట్రియల్‌లో జరిగిన ఒక శస్త్రచికిత్స మొదలు 2020లో వెలువడిన పరిశోధన ఫలితాల వరకు ఆ చరిత్రలోని ముఖ్యఘట్టాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ క్రమంలో తెలుగువారికి ఉన్న సంబంధాన్ని, తెలుగులో సంజ్ఞానపరీక్షల రూపకల్పనకు ఎదురయ్యే భాషాసమస్యలను చర్చిస్తుంది.

కీలకపదాలు: మెదడు కణితి, సంజ్ఞానక్షీణత, అవధానం, ధారణ, రేడియేషన్, పునరభ్యాసం, తెలుగు పరీక్షలు.

1. ఉపోద్ఘాతం:
మనిషి తెలుసుకోవడం, గుర్తుంచుకోవడం, ఆలోచించడం, నిర్ణయించుకోవడం అనే శక్తులన్నింటినీ కలిపి మనోవిజ్ఞానశాస్త్రం 'సంజ్ఞానం' అంటుంది. ఇందులోని ప్రధానాంశాలకు తెలుగులో చిరకాలంగా మాటలున్నాయి. చిత్తాన్ని ఒకచోట నిలపడం అవధానం. విన్నదానిని నిలుపుకోవడం ధారణ. అవధానవిద్యను సాహిత్యప్రక్రియగా పెంచుకున్న జాతికి ఈ రెండు శక్తుల విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు. అయితే ఆ శక్తులు సామాన్యుడి దైనందిన జీవితంలోనూ అనుక్షణం పనిచేస్తుంటాయని, అవి సన్నగిల్లినప్పుడే తెలిసివస్తుంది.

మెదడు కణితి చికిత్స పొందినవారి విషయంలో ఈ నష్టం చాలాకాలం లెక్కలోకి రాలేదు. మాట, నడక, చూపు బాగుంటే రోగి కోలుకున్నట్లే భావించేవారు. ఇంటికి వెళ్లిన మనిషి చెప్పిన మాట మరచిపోయినా, మొదలుపెట్టిన పనిని సగంలో వదిలినా అది సోమరితనంగానో, మొండితనంగానో కుటుంబానికి కనిపించేది. కనబడని లోపానికి పేరు లేకపోవడం వల్ల రోగి వ్యాధితోపాటు నిందనూ మోయవలసివచ్చింది. ఆ లోపానికి పేరు, కొలత, నిర్వహణ ఎలా ఏర్పడ్డాయో క్రమంగా పరిశీలించవచ్చు.

2. వంటింటిలో బయటపడిన లోపం:
1928 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్‌లో శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ తన సొంత అక్క రూత్‌కు మెదడు శస్త్రచికిత్స చేశాడు. కణితి కుడివైపు లలాటభాగంలో, అంటే నుదుటి వెనుక ఉండే మెదడుభాగంలో విస్తరించి ఉండడంతో ఆ భాగాన్ని చాలావరకు తొలగించవలసివచ్చింది. ఆమె కోలుకుంది. మాట తీరు, మర్యాద, జ్ఞాపకం చెడలేదు. పైకి చూసినవారికి ఏ లోపమూ కనిపించలేదు.

సుమారు 15 నెలల తరువాత ఆమె ఒక రాత్రి భోజనం ఏర్పాటు చేసింది. భోజనానికి కూర్చొనేవారు తన ఇంటివారు నలుగురు, అతిథిగా వచ్చిన తమ్ముడు పెన్‌ఫీల్డ్. రోజంతా సమయముంది, సరుకులన్నీ సిద్ధంగా ఉన్నాయి. కాని భోజనవేళకు పొయ్యిమీద ఒకటి రెండు వంటకాలు మాత్రమే ఉన్నాయి. మాంసం వండడం మొదలుకాలేదు. సలాడ్ తయారుకాలేదు. ఒంటరిగా ఎంతోసేపు శ్రమించి ఆమె అయోమయంలో, దుఃఖంలో నిలబడి ఉంది. ప్రతి వంటకమూ విడివిడిగా ఆమెకు చేతనవును. ఏది ముందు, ఏది తరువాత, ఏది పక్కన పెట్టాలి అనే క్రమాన్ని కూర్చుకోవడం మాత్రమే ఆమె వల్ల కాలేదు. మరొకరు తోడు నిలవగానే పని త్వరగా పూర్తయింది. భోజనాల దగ్గర ఆమె ఎప్పటిలాగే చక్కగా మాట్లాడింది.

1935లో జోసెఫ్ ఇవాన్స్‌తో కలిసి 'బ్రెయిన్' పత్రికలో ప్రచురించిన వ్యాసంలో పెన్‌ఫీల్డ్ ఈ సంఘటనను నమోదు చేశాడు. సంజ్ఞానక్షీణత చరిత్రలో ఈ నమోదుకు రెండు విధాల ప్రాధాన్యం ఉంది. మొదటిది, లోపాన్ని పసిగట్టింది వైద్యశాలలోని పరీక్ష కాదు, రోజువారీ ఇంటిపని. రెండవది, తోడు దొరకగానే లోపం పూడింది. అంటే కోల్పోయిన శక్తి తిరిగిరాకపోయినా దాని స్థానంలో బయటి ఆధారాన్ని నిలపవచ్చు. తరువాతి కాలపు పునరభ్యాస పద్ధతులన్నింటికీ ఈ సూత్రమే మూలంగా కనిపిస్తుంది. కణితి మళ్లీ పెరగడంతో రూత్ కొన్నేళ్లకే మరణించింది. 1934లో పెన్‌ఫీల్డ్ నెలకొల్పిన మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శస్త్రవైద్యులతోపాటు మనోవిజ్ఞానులకూ చోటు దొరికింది. డొనాల్డ్ హెబ్, ఆ తరువాత బ్రెండా మిల్నర్ అక్కడే పనిచేశారు.

3. పరీక్షకు అందని నష్టం:
న్యూయార్క్ నగరంలో షేర్ల వ్యాపారి ఒకరికి 1930లో వాల్టర్ డాండీ శస్త్రచికిత్స చేసి, కణితితోపాటు రెండువైపులా లలాటభాగాలను తొలగించాడు. ఆ రోగిని ఏళ్ల తరబడి గమనించిన రిచర్డ్ బ్రిక్నర్ 1936లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆ వ్యాపారి నడిచేవాడు, మాట్లాడేవాడు, ఆటలాడేవాడు. త్వరలో పనిలోకి వెళతానని చెబుతుండేవాడు. ఎన్నడూ వెళ్లలేకపోయాడు.

అర్ధశతాబ్దం తరువాత, 1985లో, పాల్ ఎస్లింగర్, ఆంటోనియో డమాసియో మరొక రోగి చరిత్రను ప్రకటించారు. అతను అకౌంటెంట్. 35 ఏళ్ల వయసులో లలాటభాగానికి ఆనుకొని పెరిగిన మెనింజియోమా అనే కణితిని తీయించుకున్నాడు. తెలివితేటల పరీక్షలలో అతనికి సగటుకంటే చాలా ఎక్కువ మార్కులు వచ్చాయి. జ్ఞాపకం బాగుంది. కాని ఉద్యోగం నిలవలేదు, వ్యాపారం దివాలా తీసింది, వివాహం విచ్ఛిన్నమైంది. ఏ హోటల్‌లో తినాలన్న చిన్న నిర్ణయానికి గంటలకొద్దీ సమయం పట్టేది.

ఈ మూడు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పరీక్షాధికారి ఎదుట కూర్చున్న రోగికి ఏం చేయాలో, ఎంతసేపట్లో చేయాలో, ఎప్పుడు ఆపాలో పరీక్షే చెబుతుంది. రూత్‌కు వంటింట్లో దొరికిన తోడులాంటిదే అదీ. జీవితంలో ఆ ఏర్పాటు ఉండదు. పరీక్షలో గెలిచినవారు బతుకులో ఓడిపోవడానికి కారణమిదే.

4. రేడియేషన్: వారాల లెక్క నుంచి ఏళ్ల లెక్కకు:
1895లో ఎక్స్ కిరణాలు వెలుగుచూసిన తరువాత చాలాకాలం నాడీకణజాలాన్ని రేడియేషన్ అంతగా బాధించదనే నమ్మకం ఉండేది. తలమీది చర్మవ్యాధికి రేడియేషన్ పొందిన రోగిలో ఆలస్యంగా మెదడు కణజాలం దెబ్బతినడాన్ని 1930లోనే జర్మన్ వైద్యులు ఫిషర్, హోల్‌ఫెల్డర్ వివరించారు. అయినా కణితి రోగులలో ఈ ఆలస్యపు హాని పెద్దగా చర్చకు రాలేదు. అందుకు కారణం కాఠిన్యం కాదు. హాని బయటపడేంత కాలం రోగులు బతకలేదు.

1978లో వెలువడిన అమెరికా అధ్యయనం ఈ స్థితిని అంకెలలో చూపుతుంది. తీవ్రమైన గ్లయోమా కణితులకు శస్త్రచికిత్స తరువాత సాధారణ సంరక్షణ మాత్రమే పొందినవారి మధ్యగత జీవితకాలం 14 వారాలు. రేడియేషన్ పొందినవారిది 35 వారాలు. ఆయుర్దాయాన్ని వారాలలో కొలిచే దశలో జ్ఞాపకశక్తి గురించి ప్రశ్నించే అవకాశం తక్కువ. 2005లో టెమోజోలమైడ్ మందు చేరాక గ్లయోబ్లాస్టోమా రోగుల మధ్యగత జీవితకాలం 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. నెమ్మదిగా పెరిగే గ్లయోమాలలో మార్పు ఇంకా పెద్దది. 2016లో ప్రకటితమైన ఫలితాల ప్రకారం రేడియేషన్‌కు మందులు జోడించినప్పుడు మధ్యగత జీవితకాలం 7.8 ఏళ్ల నుంచి 13.3 ఏళ్లకు చేరింది. పదమూడేళ్లు బతికే మనిషి ఉద్యోగం చేయాలి, పిల్లలను పెంచాలి, అప్పులు తీర్చాలి. అక్కడ సంజ్ఞానం ప్రాణంతో సమానమైన ప్రశ్న అవుతుంది.

ఈ మార్పుకు ముందస్తు హెచ్చరిక 1989లో వచ్చింది. లీసా డిఏంజెలిస్ బృందం మెదడంతటికీ రేడియేషన్ పొందిన 12 మంది రోగులను వివరించింది. కణితి తిరగబెట్టలేదు. అయినా చికిత్స ముగిసిన 5 నుంచి 36 నెలలలో వారికి మతిభ్రంశం, నడకలో తూలు, మూత్రంపై అదుపు తప్పడం మొదలయ్యాయి. వారిలో చాలామంది ఒక్కొక్క విడతలో 3 నుంచి 6 గ్రేల పెద్ద మోతాదు పొందినవారే. మోతాదును చిన్న విడతలుగా పంచాలన్న సూత్రానికి ఈ పరిశీలన బలమిచ్చింది.

మందుల చరిత్రలో ఒక తెలుగు సంబంధం ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో రూపొందిన యాంటీఫోలేట్ మందుల కుటుంబంలోనిదే మెథోట్రెక్సేట్. మెదడులో పుట్టే లింఫోమాకు అధికమోతాదు మెథోట్రెక్సేట్ ప్రధాన చికిత్సగా నిలిచింది. అయితే దానికి మెదడంతటి రేడియేషన్ తోడైనప్పుడు, ముఖ్యంగా 60 ఏళ్లు దాటినవారిలో, తీవ్రమైన సంజ్ఞానక్షీణత కనిపించింది. దీనితో ఆ వయసువారికి రేడియేషన్‌ను వాయిదా వేయడం, మానుకోవడం వైద్యులు పరిశీలించసాగారు. ప్రాణం నిలిపే రెండు చికిత్సలు కలిసినప్పుడు కలిగే హానికి ఇది ఒక ఉదాహరణ.

5. కణితా? చికిత్సా?:
క్షీణతకు కారణం రేడియేషనే అన్న అభిప్రాయం 1990ల నాటికి బలపడింది. 2002లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్టిన్ క్లైన్ బృందం 'లాన్సెట్'లో ప్రచురించిన అధ్యయనం దానిని సవరించింది. నెమ్మదిగా పెరిగే గ్లయోమా ఉన్న 195 మందిని ఆ బృందం పరిశీలించింది. వారిలో 104 మంది రేడియేషన్ పొందినవారు. వీరిని రక్తసంబంధ క్యాన్సర్ రోగులతో, ఆరోగ్యవంతులతో పోల్చారు. కణితే అధికహానికి కారణమని, మూర్ఛ మందుల వాడకానికీ పాత్ర ఉందని, విడత మోతాదు 2 గ్రేలు మించినప్పుడు రేడియేషన్ హాని స్పష్టమని తేలింది.

ఈ ఊరట ఎక్కువకాలం నిలవలేదు. అదే రోగులలో 65 మందిని సగటున 12 ఏళ్ల తరువాత మళ్లీ పరీక్షించి లిండా డౌ బృందం 2009లో ఫలితాలు ప్రకటించింది. రేడియేషన్ పొందినవారిలో, చిన్న విడతలు పొందినవారితో సహా, అవధానశక్తి క్రమంగా తగ్గింది. 2002 నాటి నిర్ణయం తప్పని దీని అర్థం కాదు. ఆరేళ్లకు కనబడనిది పన్నెండేళ్లకు కనబడింది. పరిశీలనాకాలం మారితే సత్యం కొత్త ముఖం చూపుతుందని ఈ జంట అధ్యయనాలు నిరూపిస్తాయి.

జీవశాస్త్రం మరొక వివరణ చేర్చింది. వయోజనుల మెదడులోనూ హిప్పోకాంపస్ అనే భాగంలో కొత్త నాడీకణాలు పుడతాయని 1998లో పీటర్ ఎరిక్సన్ బృందం ప్రకటించింది. రేడియేషన్ ఆ పుట్టుకను అడ్డుకుంటుందని, చుట్టూ ఏర్పడే వాపు అందుకు దోహదం చేస్తుందని 2002లో మిషెల్ మాంజె బృందం ఎలుకలలో చూపింది. హిప్పోకాంపస్ కొత్త జ్ఞాపకాలకు కీలకమని 1957 నాటి స్కోవిల్, మిల్నర్ వ్యాసం నుంచే తెలుసు. ఈ మూడు విషయాలు కలిసి, ఆ చిన్నభాగాన్ని రేడియేషన్ నుంచి కాపాడాలన్న ఆలోచనకు దారితీశాయి.

6. నిర్వహణలో మూడు మార్గాలు:

6.1 నివారణ: మెదడుకు వ్యాపించిన క్యాన్సర్ మచ్చలు కొద్దిగానే ఉన్నప్పుడు ఆ మచ్చలకే కిరణాలను కేంద్రీకరించే రేడియోసర్జరీ చేయవచ్చు. దానికి మెదడంతటి రేడియేషన్ జోడించాలా అన్న ప్రశ్నపై ఎరిక్ చాంగ్ బృందం చేసిన అధ్యయనాన్ని 58 మంది రోగుల తరువాత మధ్యలోనే ఆపివేశారు. నాలుగు నెలల నాటికి పదాలను నేర్చి గుర్తుచేసుకొనే శక్తి తగ్గే అవకాశం రేడియోసర్జరీ మాత్రమే పొందినవారిలో 24 శాతం, రెండూ పొందినవారిలో 52 శాతం అని అంచనా వచ్చింది. ఈ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. 2016లో 213 మందిపై జరిగిన మరొక అధ్యయనంలోనూ మూడు నెలలకు క్షీణత 63.5 శాతం, 91.7 శాతంగా తేలింది. జీవితకాలంలో మాత్రం గణనీయమైన తేడా లేదు. ఒక పదాల జాబితాను గుర్తుచేసుకోవడమనే చిన్న పరీక్ష చికిత్సా విధానాన్నే మార్చగలగడం ఈ చరిత్రలో మేలిమలుపు.

హిప్పోకాంపస్‌ను తప్పించి రేడియేషన్ ఇచ్చే పద్ధతిని 2014లో వినయ్ గొండి బృందం, 2020లో 518 మంది రోగులతో పాల్ బ్రౌన్ బృందం పరీక్షించాయి. రెండవ అధ్యయనంలో సంజ్ఞానవైఫల్యపు ముప్పు 26 శాతం తగ్గింది. భారతదేశంలో ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో రాకేశ్ జలాలీ నాయకత్వాన, 3 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న 200 మందిపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. కణితి ఆకారానికి కచ్చితంగా సరిపోయేలా ఇచ్చిన రేడియేషన్ అయిదేళ్ల తరువాత కూడా మేధాశక్తిని మెరుగ్గా నిలిపిందని, కణితి అదుపులో లోటు రాలేదని అది చూపింది.

6.2 మందులు: మతిమరుపు వ్యాధికి వాడే మందులను ఇక్కడా ప్రయత్నించారు. 2013లో 508 మందిపై జరిగిన మెమాంటిన్ అధ్యయనంలో ప్రధానలక్ష్యం గణాంకపరంగా కొద్దిలో తప్పిపోయింది. అయితే సంజ్ఞానక్షీణత మొదలయ్యే సమయం వెనక్కు జరిగింది. 2015లో 198 మందిపై జరిగిన డొనెపెజిల్ అధ్యయనంలో మొత్తం ఫలితంలో తేడా రాలేదు. ముందునుంచే ఎక్కువ లోపం ఉన్నవారికి మాత్రం కొన్ని అంశాలలో స్వల్పప్రయోజనం కనిపించింది. మందుల మార్గం ఆశను పూర్తిగా కాదనలేదు, పూర్తిగా తీర్చనూ లేదు.

6.3 పునరభ్యాసం: ఈ మార్గం యుద్ధభూమి నుంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో తలకు గాయాలైన సైనికులకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కర్ట్ గోల్డ్‌స్టీన్, రెండవ ప్రపంచయుద్ధంలో ఉరల్ ప్రాంతపు ఆస్పత్రిలో అలెగ్జాండర్ లూరియా పునరభ్యాసం నేర్పారు. చెడిన దారిని బాగుచేయలేకపోతే అదే గమ్యానికి మరొక దారి వేయాలన్నది లూరియా ఆలోచనకు సారం. కణితి రోగులకు ఈ విద్య చాలా ఆలస్యంగా అందింది. ఎన్నాళ్లు బతుకుతారో తెలియనివారికి శిక్షణ ఎందుకన్న సందేహం దీనికి ఒక కారణం.

2009లో కారిన్ గేరింగ్ బృందం నెదర్లాండ్స్‌లో 140 మంది గ్లయోమా రోగులతో ఈ సందేహానికి సమాధానం వెదికింది. వారానికొకసారి చొప్పున ఆరు వారాలు అవధానానికి కంప్యూటర్ అభ్యాసాలు, నిత్యజీవితానికి ఉపాయాలు నేర్పారు. శిక్షణ ముగియగానే రోగులు తమ ఇబ్బంది తగ్గిందని చెప్పారు. ఆరు నెలల తరువాత అవధానం, పదధారణ పరీక్షలలోనూ మెరుగుదల కనిపించింది, మానసిక అలసట తగ్గింది. పనిని మధ్యలో ఆపి లక్ష్యాన్ని మళ్లీ తలచుకోవడం, పెద్దపనిని చిన్న మెట్లుగా విడగొట్టడం, ప్రతి మెట్టునూ సరిచూసుకోవడం వంటి పద్ధతులూ వాడుకలోకి వచ్చాయి. రాసుకున్న పుస్తకం, గోడమీది పట్టిక, ఫోనులో అలారం, ఒకసారి ఒకే పని అనే నియమం - ఇవన్నీ రూత్ పక్కన నిలిచిన తోడుకు మారురూపాలే.

వీటన్నింటికంటే ముందు చేయవలసింది సరిదిద్దగల కారణాలను వెదకడం. మూర్ఛలు అదుపులో లేకపోవడం, మూర్ఛ మందుల మోతాదు, స్టీరాయిడ్ల ప్రభావం, రేడియేషన్ తరువాత పిట్యూటరీ, థైరాయిడ్ హార్మోన్ల లోపం, నిద్రలేమి, కుంగుబాటు - ఇవి కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి. వీటికి చికిత్స ఉంది.

7. తెలుగు సందర్భం - భాషాసమస్యలు:
భారతీయ నాడీశస్త్రచికిత్సకు మాంట్రియల్‌తో నేరుగా బంధుత్వముంది. పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన జేకబ్ చాండీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో దేశంలోనే తొలి నాడీశస్త్రచికిత్సా విభాగాన్ని ప్రారంభించాడు. సంజ్ఞానపరీక్షల రంగంలో బెంగుళూరులోని నిమ్హాన్స్ 2004లో భారతీయులకు తగిన పరీక్షామాలను ప్రచురించింది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం ఆడెన్‌బ్రూక్స్ సంజ్ఞానపరీక్షకు తెలుగురూపం కల్పించింది. అదే బృందం 648 మంది మతిభ్రంశ రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. ఇది కణితి రోగులపై జరిగిన అధ్యయనం కాదు. కాబట్టి దాని నిర్ణయాన్ని యథాతథంగా ఇక్కడ అన్వయించరాదు. భాషకు, సంజ్ఞానానికి ఉన్న ముడిని మాత్రం అది బలంగా చూపింది.

పరీక్షను అనువదించడమంటే మాటకు మాట పెట్టడం కాదు. ఒక అక్షరంతో మొదలయ్యే పదాలను ఒక నిమిషంలో చెప్పమనే పరీక్ష ఇంగ్లీషులో ప్రసిద్ధం. తెలుగులో 'క' అన్నప్పుడు కలము, కడవ మాత్రమే లెక్కలోకి వస్తాయా, కాకి, కిటికీ, కుండ కూడా వస్తాయా? గుణింతాన్ని ఒకే అక్షరంగా తీసుకోవాలా, వేరువేరుగానా? ఏ నిర్ణయం తీసుకున్నా దానికి తగిన ప్రమాణాంకాలు కొత్తగా నిర్ణయించాలి. చదువు రానివారికి ఈ పరీక్షే వర్తించదు. వారికి జంతువుల పేర్లు, కూరగాయల పేర్లు చెప్పమనడం న్యాయం.

తేదీ అడిగే ప్రశ్నలోనూ చిక్కుంది. ఆంగ్లతేదీ చెప్పలేని పల్లెటూరి వృద్ధురాలు తిథి, మాసం, కార్తె తడుముకోకుండా చెప్పవచ్చు. ఆమెకు సున్నా మార్కులు వేయడం పరీక్ష లోపమే కాని ఆమె లోపం కాదు. బల్లభ్‌గఢ్ ప్రాంతంలో చదువుకోని వృద్ధుల కోసం 1995లో హిందీ మానసికస్థితి పరీక్షను రూపొందించినవారు గుర్తించింది ఇలాంటి చిక్కులనే. అంకెల ధారణ మరొక ఉదాహరణ. ఫోను నంబర్లను ఇంగ్లీషులో చెప్పుకోవడం అలవాటైన నగరవాసికి తెలుగు అంకెలతో, తెలుగులోనే లెక్కలు వేసుకొనే రైతుకు ఇంగ్లీషు అంకెలతో పరీక్ష పెడితే ఇద్దరికీ అన్యాయమే. చికిత్సకు ముందు, తరువాత ఒకే భాషలో, ఒకే మాండలికంలో పరీక్షించకపోతే కనబడిన తేడా రోగిదో, భాషదో తేల్చలేం.

ఈ ప్రశ్నలకు వైద్యులు మాత్రమే జవాబు చెప్పలేరు. పదాల వాడుక ఎంత తరచు, ఏ ప్రాంతంలో ఏ పేరు, ఏ పదం ఏ వయసువారికి పరిచితం అన్నవి భాషాశాస్త్ర, మాండలిక పరిశోధకుల పరిధిలోని అంశాలు. వృత్తిపదకోశాలు, మాండలిక నిఘంటువులు సమకూర్చిన సామగ్రి ఇక్కడ నేరుగా ఉపయోగపడుతుంది.

8. ముగింపు:
పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:
1. చికిత్స అనంతర సంజ్ఞానక్షీణత మొదట ఇంటిపనిలో, ఆ తరువాతే ప్రయోగశాలలో గుర్తింపు పొందింది. కుటుంబసభ్యుల పరిశీలనకు నేటికీ వైద్యపరీక్షతో సమానమైన విలువ ఉంది.
2. క్షీణతకు కణితి, శస్త్రచికిత్స, రేడియేషన్, మందులు, మూర్ఛలు కలిసి కారణమవుతాయి. ఒక్క కారణాన్నే దోషిగా నిలపడం చరిత్రలో ప్రతిసారీ సవరణకు గురైంది.
3. జీవితకాలం పెరిగినకొద్దీ సంజ్ఞానం చికిత్సా లక్ష్యాలలో ఒకటిగా మారింది. 2009 తరువాత జరిగిన అధ్యయనాలు చికిత్సా విధానాన్నే మార్చాయి.
4. నివారణలో సాధించిన ఫలితాలతో పోలిస్తే మందుల ఫలితాలు స్వల్పం. పునరభ్యాసం ప్రయోజనకరమని తేలింది.
5. తెలుగు రోగులకు తగిన కొలతలు తెలుగు భాషాస్వరూపం నుంచే పుట్టాలి. ఇందుకు వైద్య, భాషాశాఖల ఉమ్మడి కృషి అవసరం.

రూత్ భోజనం ఆ రాత్రి సిద్ధమైంది. ఆమె అసమర్థురాలని ఎవరూ నిందించలేదు. పక్కన నిలిచి ఏది ముందో ఏది తరువాతో గుర్తుచేశారు. కణితి చికిత్స నుంచి ఇంటికి తిరిగివచ్చే ప్రతివారికీ అటువంటి తోడు ఏ రూపంలో అందించగలమన్నది ఈ చరిత్ర నేటి వైద్యులకు, కుటుంబాలకు, భాషాపరిశోధకులకు మిగిల్చిన పని.